మిల్ లాక్స్ మంచు మీద బతికిన ఎర: ఏది కొనాలి, ఎలా కాపాడుకోవాలి

అమెరికాలోని మిన్నెసోటాలో, మినియాపొలిస్ నుంచి 169 హైవే పట్టుకుని ఉత్తరానికి సుమారు వంద మైళ్లు వెళ్తే మిల్ లాక్స్ లేక్ వస్తుంది. దాని పడమటి ఒడ్డు వెంట, గ్యారిసన్ అనే ఊరు చేరేలోపు, రోడ్డు పక్కన అక్కడక్కడా ఎర అమ్మే బెయిట్ షాపులు కనిపిస్తాయి. చలికాలంలో లేక్ గడ్డకట్టాక నేను ఎర కొనేది వాటిలో ఒక చిన్న షాపులో. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పేది ఆ రోడ్డు మీద ఏ షాపుకు వెళ్లినా పనికొస్తుంది. మంచు మీద గాలం వేయడం కొత్తగా మొదలుపెట్టిన మనవాళ్లు రాడ్డు ఏది, సోనార్ ఏది, టెంటు ఏది అని వారాల తరబడి వెతుకుతారు, ఎర దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటి దగ్గర పెద్ద స్టోర్‌లో ప్లాస్టిక్ పురుగుల ప్యాకెట్ ఒకటి తీసుకుని సరిపెట్టేస్తారు. నాకు నచ్చనిది అదే. ఖర్చు తగ్గించుకోవాలంటే మిగతావాటిలో తగ్గించుకోండి, బతికిన ఎర మాత్రం కొనండి.

మంచు కింద చేపకు తొందర ఉండదు. మంచును ఆనుకుని ఉన్న నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర ఉంటాయి, కిందికి పోయేకొద్దీ కాస్త వెచ్చన, అదీ మహా అయితే నాలుగు డిగ్రీల సెల్సియస్. చేప ఒంటి వేడి నీళ్లను బట్టే ఉంటుంది కాబట్టి అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, ఎర వెంట దూరం పోదు. వేసవిలో పడవ వెనక ఎరను లాక్కుంటూ పోతే ఎగబడే వాల్‌ఐ (ఇక్కడ అందరూ ఇష్టంగా పట్టే చేప), జనవరిలో ఎర ముందుకొచ్చి నిలబడి చూస్తుంది. కాసేపు చూసి, నచ్చకపోతే వెళ్లిపోతుంది. వెక్సిలార్ లాంటి ఫ్లాషర్ (నీళ్లలో చేప ఉంటే గీతగా చూపే సోనార్) తెర మీద ఆ గీత పైకి రావడం, ఎర పక్కన ఆగడం, మళ్లీ కిందికి జారిపోవడం చూస్తుంటే టెన్షన్ మామూలుగా ఉండదు. అలా తటపటాయించే చేప నోరు తెరవాలంటే దానంతట అది కదిలేది, నీళ్లలోకి వాసన వదిలేది ఏదో ఒకటి గాలానికి ఉండాలి. మన ఊళ్లలో కొర్రమీను కోసం కప్పపిల్లను గుచ్చి వేసేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక షాపు. లోపలికి వెళ్లగానే వరసగా తొట్లు, వాటిలోకి పైపుల్లోంచి గాలి బుడగలు, ఒక్కో తొట్టి మీద చేప రకం, సైజు రాసిన అట్టముక్క. నేను ఎప్పుడైనా ముందు చూసేది తొట్టి అడుగు. చచ్చిన చేపలు తెల్లగా పడి ఉన్నా, బతికినవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఉన్నా అక్కడ కొనకండి, లేక్ చేరేలోపు సగం పోతాయి. ఈ షాపులో మిన్నోలు, అంటే ఎరగా వాడే చిన్న చేపలు, గుంపుగా అడుగునే తిరుగుతుంటాయి, వల దించగానే చెల్లాచెదురైపోతాయి. అలా పారిపోతున్నాయంటే ఒంట్లో సత్తువ ఉన్నట్టే. నడిపే పెద్దావిడ ఏం కావాలని అడగరు. ఏ చేపకు వెళ్తున్నారు, ఎంత లోతులో వేస్తారు, ఎంతమంది, చీకటి పడేదాకా ఉంటారా అని అడుగుతారు. మూడు స్కూపులు ఇవ్వమంటే, మధ్యాహ్నం వరకేగా, రెండు చాలు అని తగ్గించి ఇచ్చే మనిషి. ఏ వైపు మంచు ఎంత మందం ఉందో, ఎక్కడ పగుళ్లు వచ్చాయో కూడా చెబుతారు. మంచు మీద నడవాలంటే గట్టి, తేటగా ఉన్న మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలని మిన్నెసోటా డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) చెబుతుంది. అది అన్ని చోట్లా ఒకేలా ఉండదు కాబట్టి ఆ పొద్దున్న లేక్ చూసి వచ్చిన మనిషి మాట చాలా విలువైంది.

అడిగితే మిన్నోలను ప్లాస్టిక్ సంచిలో కొద్ది నీళ్లతో పోసి, పైన ఆక్సిజన్ నింపి, మూతి బిగించి ఇస్తారు. దూరం వెళ్లేవాళ్లు తప్పకుండా అలాగే అడగండి. చల్లగా ఉంచితే మర్నాటికి కూడా హుషారుగా ఉంటాయి.

ఏ మిన్నో కొనాలి? మొదటిసారి వెళ్లేవాళ్లయితే కళ్లు మూసుకుని ఫ్యాట్‌హెడ్ తీసుకోండి. రెండు మూడు అంగుళాల బూడిదరంగు చేప, చూడటానికి ఏమీ ఉండదు, కానీ మొండిది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటుంది, బకెట్‌లో కుదుపులకు చావదు, గాలానికి గుచ్చాక కూడా చాలాసేపు ఈదుతుంది. పెద్దవి వాల్‌ఐకి, చిన్నవి పెర్చ్, క్రాపీ అనే చిన్న చేపలకి. షైనర్ అయితే పొలుసు తళతళా మెరుస్తుంది, ఆ మెరుపుకు వాల్‌ఐ బాగా వస్తుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే సుకుమారం, చేత్తో పట్టుకుంటే పొలుసు రాలిపోతుంది, నీళ్లు కాస్త అటూ ఇటూ అయితే తేలిపోతుంది, పైగా ధర ఎక్కువ. అలవాటు పడ్డాక కొనండి. సక్కర్ మిన్నోలు పెద్దవి, నార్తర్న్ పైక్ అనే పెద్ద వేటచేప కోసం టిప్‌అప్ కింద వేసేవి. టిప్‌అప్ అంటే మంచులో తొలిచిన కన్నం మీద అడ్డంగా పెట్టే పరికరం, చేప లాగగానే జెండా లేస్తుంది. పైక్ మీద ఆశ లేకపోతే సక్కర్ల జోలికి పోవద్దు.

మిన్నెసోటాలో మంచు మీద మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు, వేసవిలో ఒకటే. బతికిన ఎర అసలు విలువ ఆ రెండో గాలం దగ్గరే తెలుస్తుంది. ఒక రాడ్డు చేతిలో పట్టుకుని స్పూన్ (మెరిసే లోహపు ఎర) ఆడిస్తూ ఉంటాం, అది చప్పుడు చేసి చేపను పిలుస్తుంది. రెండోది పక్క కన్నంలో, స్టాండ్ మీద ఊరికే పెట్టేస్తాం. దీన్నే ఇక్కడ డెడ్‌స్టిక్ అంటారు. దానికి మిన్నోను వీపు రెక్క కింద, వెన్నెముకకు తగలకుండా చర్మంలోంచి సన్నగా గుచ్చాలి. వెన్నెముకకు తగిలితే అక్కడికక్కడే పడిపోతుంది. సరిగ్గా గుచ్చి లేక్ నేలకు ఒక అడుగు ఎత్తున వేలాడదీస్తే అది గుండ్రంగా ఈదుతూ ఉంటుంది, రాడ్డు కొన మెల్లగా ఒకే లయలో ఊగుతుంటుంది. వాల్‌ఐ దగ్గరికి వచ్చిందంటే ముందు తెలిసేది ఆ మిన్నోకే. ఒక్కసారిగా కొన గబగబా వణుకుతుంది, ఆ తర్వాత ఆగుతుంది, ఆ ఆగిన క్షణంలో చెయ్యి పెట్టకూడదు. కొన నెమ్మదిగా నీళ్ల వైపు వంగి వంగనే ఉంటే అప్పుడు రాడ్డు తీసి గాలం దిగేలా పైకి గుంజాలి. ప్లాస్టిక్ ఎర ఎంత మంచిదైనా ఆ వణుకు ఇవ్వలేదు, ఇచ్చేది మన చెయ్యే, మైనస్ ఇరవైలో ఆ చెయ్యి ఎంతసేపు ఆడుతుంది? వాల్‌ఐ కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది కాబట్టి మసక వెలుగులో దానికి బాగా కనబడుతుంది. అందుకే హుషారైన మిన్నోలను పొద్దుగూకే వేళకు దాచుకోండి, పట్టపగలు పెర్చ్‌లకు చిన్నవి వాడండి.

పిల్లలతో వెళ్లేవాళ్లకు మిన్నోల కంటే పురుగులు మేలు. వ్యాక్స్‌వార్మ్ అంటే మైనపు చిమ్మట పిల్లపురుగు, తేనెపట్టులో చేరి మైనం తినేది అదే. రంపపు పొట్టు వేసిన చిన్న డబ్బాలో అమ్ముతారు, నాలుగైదు డాలర్లు ఉంటుంది. మూత తీసి చూడండి, పాలమీగడ రంగులో మెత్తగా, వేలు తగిలితే కదులుతూ ఉండాలి. నల్లబడినవి చచ్చినట్టు లెక్క. గుచ్చినప్పుడు కాస్త రసం కారాలి, పెర్చ్ వచ్చేది ఆ రసానికే. డబ్బాను బయట మంచు మీద పెడితే గడ్డకట్టి పోతాయి, జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. ఇంట్లో ఫ్రిజ్ మరీ చల్లన వీటికి, బేస్‌మెంట్‌లో చల్లటి మూల చాలు. స్పైక్స్ అని ఈగ పిల్లపురుగులు కూడా ఉంటాయి, చిన్నవి, గట్టి చర్మం, ఒకే పురుగుతో రెండు మూడు చేపలు పట్టొచ్చు, ఫ్రిజ్‌లో పెట్టినా ఏమీ కాదు. ఫిబ్రవరి ఆఖరి ఆదివారంతో వాల్‌ఐ సీజన్ అయిపోతుంది, ఆ తర్వాత మంచు ఉన్నన్నాళ్లూ నేను వెళ్లేది పెర్చ్‌లకూ క్రాపీలకే కాబట్టి మార్చిలో నా జేబులో ఎప్పుడూ ఈ రెండు డబ్బాలు ఉంటాయి.

బకెట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి మిన్నోలు కొని చెడ్డ బకెట్‌లో పోస్తే డబ్బు దండగ. మామూలు ప్లాస్టిక్ బకెట్ బయట పెడితే కాసేపటికే అంచుల్లోంచి గడ్డకట్టడం మొదలవుతుంది. థర్మోకోల్ గోడలు, బిగుతైన మూత ఉన్నది తీసుకోండి. బ్యాటరీతో నడిచే ఏరేటర్ (నీళ్లలోకి గాలి పంపేది) ఉంటే మంచిదే, కానీ చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది, స్పేర్ సెల్స్ లోపలి జేబులో ఉంచుకోండి. అసలు రహస్యం ఏరేటర్ కాదు, తక్కువ చేపలు, చల్లటి నీళ్లు. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ పడుతుంది, చేపకు అవసరమూ తగ్గుతుంది. టెంటులో హీటర్ పక్కన బకెట్ పెట్టేవాళ్లను చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మిన్నో తీయడానికి చిన్న వల ఒకటి కొనండి, తడిసిన చెయ్యి గాలికి తగిలితే ఆ తర్వాత ముడి కూడా వేయలేరు.

రూల్స్ విషయంలో అశ్రద్ధ వద్దు. 2005లో ఈ లేక్‌లో జీబ్రా మసెల్స్ (బయటి నుంచి వచ్చి పాడుచేసే చిన్న ఆల్చిప్పలు) బయటపడ్డాయి, ఒక లేక్ నీళ్లు ఇంకో లేక్‌కు మోసుకెళ్తే అలాంటివి పాకిపోతాయి. అందుకే లేక్ వదిలి వెళ్లేముందు బకెట్‌లోని నీళ్లు పారబోయాలి. మిగిలిన మిన్నోలు కావాలంటే బాటిల్ నీళ్లో, క్లోరిన్ తీసేసిన కొళాయి నీళ్లో తీసుకెళ్లి అందులోకి మార్చుకోవాలి. మామూలు కొళాయి నీళ్లు పోస్తే క్లోరిన్‌కు చచ్చిపోతాయి. అక్కర్లేనివి చెత్తబుట్టలో వేయాలి, జాలిపడి లేక్‌లో వదలకూడదు, అది నేరం. గోల్డ్‌ఫిష్‌ను ఎరగా వాడటం కూడా నిషేధం. ఇవన్నీ ఆ పెద్దావిడ కొత్తవాళ్లకు ఓపిగ్గా చెబుతారు, అది నాకు షాపులో బాగా నచ్చిన విషయం.

బతికిన చేపను గుచ్చడానికి మనసొప్పనివాళ్లు ఉంటారు, అర్థం చేసుకోగలను. వాళ్లు స్పూన్‌కు చచ్చిన మిన్నో తల మాత్రం గుచ్చి ఆడించొచ్చు, వాసన ఉంటుంది, వాల్‌ఐ బాగానే తీసుకుంటుంది. పెర్చ్‌లు గుంపుగా వచ్చి ఎగబడుతున్నప్పుడు ప్లాస్టిక్ కూడా చాలు, ఎర మార్చే పని ఉండదు. చేపలు మొరాయించే రోజున మాత్రం వాటితో పొద్దుపోవడమే తప్ప సాయంత్రానికి వేపుడుకు ముక్క దొరకదు.

ఎరకు అయిదుకు అయిదు ఇస్తాను, షాపుకు నాలుగు. ఆ ఒకటి తగ్గించింది వ్యాక్స్‌వార్మ్ డబ్బాల మీద తేదీ లేనందుకు, పాతవీ కొత్తవీ ఒకే అరలో ఉంటాయి, మూత తీసి చూడకుండా తీసుకోవద్దు. ఇంకోటి, శని ఆదివారాల్లో షైనర్లు పొద్దున్నే అయిపోతాయి, అవే కావాలనుకుంటే ముందు రోజు ఫోన్ చేసి పక్కన పెట్టమని చెప్పండి, పెడతారు.