చెన్నై నుంచి గుంటూరుకి ప్యానెళ్లు: మేం ఒకే లారీ సర్వీసు దగ్గర ఎందుకు ఆగిపోయామంటే

అంబత్తూరులో మాది ఎలక్ట్రికల్ కంట్రోల్ ప్యానెళ్లు చేసే చిన్న యూనిట్. సరుకు ఎక్కువగా గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకీ, గోదావరి జిల్లాల రైస్ మిల్లులకీ వెళ్తుంది. రకరకాల ట్రాన్స్‌పోర్టులు వాడాక, కొన్నేళ్లుగా మాధవరంలోని ఒక మధ్యరకం సర్వీసుతోనే ఉన్నాం. వీళ్ల కిరాయి తక్కువేం కాదు. అయినా నాకు చాలా నమ్మకం.

నేను మొదట చూసేది దారిలో సరుకు ఎన్నిసార్లు దిగి ఎక్కుతుందన్నది. మామూలు పార్సిల్ సర్వీసులో ఇక్కడి గోడౌన్‌లో ఒకసారి, విజయవాడలో ఒకసారి, గుంటూరు బండికి ఇంకోసారి. మాకు డ్యామేజీలు చాలావరకు రోడ్డు మీద కాదు, ఈ మార్పిడిలోనే జరిగాయి. నిలబెట్టాల్సిన ప్యానెల్‌ని పడుకోబెడితే బయట గీత కూడా పడదు గానీ లోపల బస్‌బార్ (కరెంటు మోసే లోహపు పట్టీ) సపోర్టు చిట్లుతుంది. వీళ్లు పార్ట్ లోడే (బండిలో కొంత భాగానికి సరిపడా సరుకే) తీసుకున్నా, ఎక్కించిన బండే గుంటూరు దాకా వెళ్తుంది. ఆ మాట నిలబెట్టుకుంటున్నారా లేదా అన్నది సరుకు వెంట ఉండే జీఎస్టీ ఈ-వే బిల్లులో తెలిసిపోతుంది. బండి మారితే, అందులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త నంబరు ఎక్కించాలి కదా.

లోడింగ్ దగ్గర వీళ్ల మేస్త్రీ పని చూడాలి. ముందు బండి ఫ్లోరు చూస్తాడు. క్రితం లోడు ఎరువులో ఉప్పో అయితే కడిగించి, ఆరాకే మా సరుకు ఎక్కనిస్తాడు. ప్యానెల్‌ని క్యాబిన్ వైపు గోడకు ఆనించి నిలబెడతాడు. వెనక చక్రాలు దాటాక కుదుపు ఎక్కువని అక్కడ పెట్టడు. కింద చెక్కలు, నడుం దగ్గర ఒక బెల్టు, పైన ఇంకొకటి. పెయింటు రాచుకుపోకుండా బెల్టు తగిలే అంచుల్లో గోనెసంచి మడిచి దోపుతాడు. పక్కన ఇనుప సామాను పెడతామని ఎవరు అడిగినా ఒప్పుకోడు.

ఇక కాగితాల సంగతి. 2007 క్యారేజ్ బై రోడ్ చట్టం, 2011 నిబంధనల ప్రకారం, ఎక్కువ రిస్కు రేటు (ట్రాన్స్‌పోర్టరు ఎక్కువ బాధ్యత తీసుకోవడానికి కట్టే అదనపు రేటు) కడతామని రాసివ్వకపోతే ట్రాన్స్‌పోర్టరు బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. 4 లక్షల ప్యానెల్‌కి 3,000 కిరాయి కట్టామనుకోండి, వచ్చేది మహా అయితే 30,000. ఇదివరకు వాడిన ఒకచోట ఆ రేటు గురించి అడిగితే, బుకింగ్ క్లర్కు “అలాంటివి మా దగ్గర లేవు సార్” అంటూ ఎల్ఆర్ (లారీ రసీదు) మీద ఓనర్స్ రిస్క్, అంటే నష్టమొస్తే సరుకు యజమానిదే అన్న ముద్ర కొట్టాడు. ఇక్కడ అడిగితే రేటు చెప్పి, రాసిస్తారు. అయినా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ మేమే తీసుకుంటాం. లారీకి ఉండే ఇన్సూరెన్స్‌లో లోపలి సరుకు రాదు. నష్టానికి దావా వేయాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు ట్రాన్స్‌పోర్టరుకి నోటీసు ఇచ్చి ఉండాలి.

ఒకసారి క్రేటు మూల విరిగి చేరింది. గుంటూరు కస్టమర్ సంతకం పెట్టకముందే విప్పి చూసి, ఎల్ఆర్ మీద రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించుకున్నారు. వీళ్ల గుంటూరు ఆఫీసు వాళ్లు వచ్చి చూసి, డ్యామేజీ సర్టిఫికెట్ ఇచ్చారు. క్లెయిమ్ పాసయింది. వేరేచోట ఇదే కాగితం కోసం కాళ్లరిగేలా తిరిగాం.

2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర హైవే తెగినప్పుడు మా లోడు దారిలో ఉంది. మేం టెన్షన్ పడి ఫోన్ చేసేలోపే వాళ్లే చేశారు. బండి ఎక్కడ ఆపారో చెప్పి, టార్పాలిన్ కట్టిన ఫొటో పంపారు.

లోపాలూ ఉన్నాయి. ఆన్‌లైన్ ట్రాకింగ్ లేదు, డ్రైవరు ఫోన్ ఎత్తితేనే కబురు. పికప్ బండి రాత్రి ఎప్పుడో వస్తుంది, మనిషిని కాపలా ఉంచాల్సిందే. సంక్రాంతి ముందు డ్రైవర్లు ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి, జనవరి మొదట్లో పంపాల్సింది ఉంటే డిసెంబరులోనే మాట్లాడి పెట్టుకోండి.