ఆరోవిల్ అడవుల్లో మూడు రోజులు

పుదుచ్చేరికి ఉత్తరాన పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, పలు దేశాలవారు కలిసి ఉంటున్న ఊరు ఆరోవిల్‌కు వెళ్ళేవారిలో చాలామంది మాతృమందిరమనే ధ్యానమందిరపు బంగారు గోళాన్ని చూసి సాయంత్రానికి తిరిగివెళతారు. నెల్లూరు నుంచి వెళ్ళిన మేము మాత్రం దాని చుట్టూ పెరిగిన అడవి కోసమే మూడు రోజులు ఉన్నాము. 1968లో ఈ ఊరికి పునాది పడేనాటికి ఇదంతా నీడ కరువైన ఎర్రనేల. వాన పడితే పైమన్ను కోసుకుపోయి సముద్రంలో కలిసేది. అందుకే తొలితరం వారు మొక్కల కన్నా ముందు గట్లు వేసి నీటిని నిలిపారు. ఆ తరువాత త్వరగా ఎదిగే ఆస్ట్రేలియా తుమ్మను నాటి, దాని నీడన నాటు జాతులను పెంచారు. 2011 డిసెంబరు 30న థానే తుపాను తాకినప్పుడు ఆ తుమ్మలే ఎక్కువగా కూలాయి.

1973లో మొదలైన పిచ్చాండికులం అడవి మాకు అన్నిటికన్నా నచ్చింది. మాతో నడిచిన పెద్దాయన కాలిబాట పక్క మట్టిని గోటితో గీకితే గీత కూడా పడలేదు. రెండడుగులు లోపలికి వెళ్ళి ఆకుల పొరను తొలగించి చెయ్యి పెట్టమంటే, నల్లని తడిమట్టి వేళ్ళకు అంటుకుంది. పాల, అల్లి, కరుంగాలి (మన దగ్గర ‘కరుంగాలి మాల’ అని అమ్ముతున్న మెడదండల్లో వినిపించే పేరే) వంటి చెట్లున్న ఈ తీరప్రాంతపు సతతహరితారణ్యం మన శ్రీహరికోటలోనూ ఉందని ఆయనే గుర్తుచేసినప్పుడు, పక్కనే ఉండి ఎరగనందుకు కొంత సిగ్గుపడ్డాము.

ఆరోవిల్‌లోనే 2003లో 70 ఎకరాల్లో మొదలైన సాధనా ఫారెస్ట్‌లో అడవి ఇంకా లేతదే కనుక, నేల కోలుకునే తీరు కళ్ళకు కడుతుంది. పాలు, నెయ్యి లేని భోజనం రుచిగానే ఉంది గాని, పెరుగన్నం లేనిదే ముద్ద దిగనివారు ఆలోచించుకోవాలి. అక్కడి బస వారాల తరబడి పనిచేసే స్వచ్ఛంద సేవకులకే అనువైనది.

మేము దిగిన అతిథిగృహం శుభ్రంగా ఉన్నా రెండు రాత్రులు దోమతెర కోసం అడగవలసి వచ్చింది; అద్దె స్కూటరుకు వెనుక బ్రేకు పట్టలేదు, ఎర్రమట్టి దారుల్లో అది చిన్న లోపం కాదు. ఒకటే పూట ఉన్నవారు పిచ్చాండికులాన్నే ఎంచుకోవడం మేలు. అయితే ముందుగా అనుమతి అడిగి, ఉదయమే వెళ్ళాలి.