పాత పికప్పుకి పార్టు బాగు చేయించాలా, కొత్తది వేయించాలా – ఏది మేలు?

పదేళ్లు దాటిన పికప్ ఉన్నోళ్లకి షెడ్డు కాడ నిలబడ్డ ప్రతిసారీ ఇదే గొడవ. మేస్త్రిని అడిగితే కొత్తది వేసేద్దాం అన్నా అంటాడు, ఓనరేమో ఇంకో సీజన్ లాగించు చూద్దాం అంటాడు, ఇద్దరి మాటా పూర్తిగా తప్పు కాదు, ఎందుకంటే పార్టుని బట్టి జవాబు మారిపోద్ది. నేనైతే రేటు కన్నా ముందు ఒకటి చూస్తా, ఆ పార్టు పోతే బండి కదలకుండా పోద్దా, ఆగకుండా పోద్దా అని. కదలకపోతే కిరాయి పోద్ది, అంతే. ఆగకపోతే సంగతి వేరు.

ఇంజన్ స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్, బ్యాటరీ ఛార్జ్ చేసే డైనమో ఈ రెండూ మొదటి రకం, వీటికి బాగు చేయించడమే మేలు అంటా. కీ తిప్పితే టక్ మని ఊరుకుందంటే సెల్ఫ్ పోయిందని వెంటనే కొత్తదానికి ఫోన్ కొట్టొద్దు. ముందు బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా పచ్చగా పొడి కట్టిందేమో చూడండి, ఇంజన్ నుంచి ఛాసిస్‌కి పోయే ఎర్త్ వైరు బోల్టు విప్పి గీకి బిగించండి, ముత్తుకూరు, అల్లూరు, కొత్తపట్నం వైపు రొయ్యల లోడ్లకి తిరిగే బండ్లలో ఆ ఉప్పు నీళ్లకి ముందు దెబ్బతినేది అదే. అది కాదంటే సెల్ఫ్‌లో అరిగిపోయే కార్బన్లు, బుష్‌లు, మోటార్‌కి కరెంటు కలిపే సోలినాయిడ్ చూపించండి. వందల్లో అయిపోయే పని, కొత్త సెల్ఫ్ అయితే వేలల్లో. ఆర్మేచర్ (లోపల తిరిగే రాగి చుట్ట) కాలి మాడు వాసన వస్తుంటే మాత్రం మార్చక తప్పదు. ఇంకోటి, తక్కువ రేటుకి దొరికే డూప్లికేట్ కొత్తదాని కన్నా బండితో వచ్చిన పాత కంపెనీ మోటార్‌కే కార్బన్లు, బుష్‌లు మార్చుకోవడం నా దృష్టిలో మంచిది. "కొత్తది" అనగానే మురిసిపోవద్దు.

బ్రేకులకొస్తే ఈ లెక్క తిరగబడాలి. చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడికి బ్రేకు నొక్కే వీల్ సిలిండర్ కారతా ఉంటే చాలామంది రబ్బరు కిట్ వేసి పంపిచ్చేస్తారు. సిలిండర్ లోపల నున్నగా ఉంటే కిట్ వేసుకోవచ్చు, కాదనను, కానీ పిస్టన్ తీసి లోపల గుడ్డతో తుడిచి గోరుతో గీరి చూడండి, ఎక్కడన్నా గోరుకి గుంత తగిలిందా, ఇంక కిట్ ఆలోచన వదిలెయ్యండి, ఆ తుప్పు గుంత కొత్త రబ్బరుని కూడా కోసేసి మళ్లీ ఆయిల్ కారుద్ది, కారిన ఆయిల్ డ్రమ్ముకి రాసుకునే బ్రేకు లైనర్లకి పట్టి అవీ పోతయ్. పెడల్ తొక్కితే ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌కీ ఇదే మాట. బ్రేక్ ఆయిల్‌కి గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉంది, ఏళ్ల తరబడి అదే ఆయిల్ ఉంచితే లోపల తుప్పు పట్టేది అందుకే, కాబట్టి సిలిండర్ కొత్తది వేసి ఆయిల్ పాతదే పోయడంలో అర్థం లేదు. డ్రమ్ములు గాట్లు పడితే లేత్ మీద ఒక కోత పెట్టించొచ్చు, కానీ డ్రమ్ము మీద ఎంత సైజు వరకు కొయ్యొచ్చో మామూలుగా అచ్చు వేసి ఉంటది, అది దాటిందంటే పక్కన పెట్టాల్సిందే. బ్రేకుల్లో సెకండ్ హ్యాండ్ సరుకు ఎవరన్నా ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

కమాన్ కట్టలు, అంటే లోడు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, వీటి దగ్గర అసలు తగువు. మనవైపు ఈ బండ్ల మీద వేసేది చిన్న లోడు కాదు, పొదలకూరు నిమ్మకాయ బస్తాలైనా చీమకుర్తి రాళ్లైనా పాసింగ్ (బండికి ఒప్పుకున్న లోడు) ఎంతో ఎవరూ చూడరు, దాంతో కట్ట చదునైపోయి వెనక కూర్చుండిపోద్ది. మూడు దారులున్నాయి. విప్పి కొట్టించి మళ్లీ వంపు తెప్పించడం, విరిగిన పట్టీ ఒక్కటే మార్చడం, కట్ట మొత్తం కొత్తది వేయడం. కొట్టించడం చవక, కానీ గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచారంటే ఆ ఇనుముకి ఉన్న టెంపర్, అంటే వంగి మళ్లీ లేచే గుణం పోద్ది, చూడ్డానికి కట్ట లేచినట్టే ఉంటది, రెండు లోడ్లకి మళ్లీ కూర్చుంటది. కాల్చకుండా కొట్టేవాడు దొరికితే, పట్టీల్లో ఎక్కడా చీలిక లేకపోతే చేయించొచ్చు. కింద చిన్న పట్టీ ఒకటి విరిగితే అదొక్కటే మార్చుకుంటే చాలు. అదే మెయిన్ పట్టీ విరిగిందంటే మిగతావీ అంతే అలిసిపోయి ఉంటయ్, కట్ట మొత్తం వేయించండి, అదీ రెండు వైపులా, ఒక పక్క కొత్తది ఒక పక్క పాతది అయితే బండి వాలి నడుస్తది. యూ బోల్టులు, సెంటర్ బోల్టు, బుష్‌లు మాత్రం పాతవి వాడనియ్యొద్దు, లోడు మీద కొంచెం తిరిగాక యూ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించాలి, ఈ పని మన షెడ్లలో గుర్తు చేస్తే తప్ప చెయ్యరు.

క్లచ్‌లో ఖర్చంతా గేర్ బాక్స్ దించి ఎక్కించే కూలీలోనే ఉంది. ప్లేట్ ఒక్కటే మార్చి ప్రెషర్ ప్లేట్, బేరింగ్ పాతవే ఉంచితే ఇప్పుడు మిగిలేది కొంతే, ఆ బేరింగ్ నాలుగు నెలలకి అరవడం మొదలుపెడితే మళ్లీ గేర్ బాక్స్ దించాలి, అదే కూలీ మళ్లీ కట్టాలి. మూడూ ఒకేసారి వేయించి, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలుంటే ఫేసింగ్ (లేత్ మీద నున్నగా కోయించడం) కూడా అప్పుడే చేయిస్తే పోద్ది.

రేడియేటర్ రాగిదైతే అతుకు పెట్టించండి. ప్లాస్టిక్ ట్యాంకుదైతే ఆ చీలికకి పూసే మందులు నమ్మొద్దు, ముఖ్యంగా మే నెలలో ఒంగోలు నెల్లూరు హైవే మీద. రీబటన్ టైర్లు (అరిగినదానికి కొత్త రబ్బరు అతికినవి) వెనక సరే, ముందు వద్దు.

8 ఏళ్లు దాటిన సరుకు బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి కదా, ఆ టైంకే బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు కొత్తవి వేసేసుకుంటే రెండు పనులూ ఒకేసారి తెగుతయ్.

ఇదంతా ఛాసిస్ బాగుంటేనే. రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పు నీళ్లు తొట్టి కింద అడ్డ దూలాల మీద, కమాన్ హ్యాంగర్ల చుట్టూ నిలుస్తయ్, అక్కడ సుత్తితో కొట్టి చూడండి. ఠంగుమంటే సరే. డొప్పలు డొప్పలుగా రాలి లోపల బొక్క కనపడితే పైన ప్లేటు అతికి రంగు పూస్తామంటారు, ఒప్పుకోవద్దు, అట్టాంటి బండికి కొత్త కమాన్ కట్టలు వేయడం డబ్బు దండగ. స్క్రాప్‌కి ఇచ్చేటప్పుడు ఈ మధ్య వేయించిన టైర్లు, బ్యాటరీ రేటు విడిగా మాట్లాడుకోండి, ఆర్సీ క్యాన్సిల్ చేయించడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే బండి ముక్కలైనా ఆర్టీఓ ఆఫీసులో మీ పేరు మీదే ఉంటది.