పెద్ద అక్షరాలు బాగున్నాయి, కవుల పేర్లేవి? - కొత్త కీర్తనల పుస్తకం గురించి

తెలుగు చర్చిల్లో పాడుకునే పాటల పుస్తకం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’, పెద్ద అక్షరాల ప్రతి. అట్ట మీద ధర 450 రూపాయలు, క్రైస్తవ సభల దగ్గర వేసిన స్టాల్లో 400కి ఇచ్చారు. నల్ల రెగ్జిన్ అట్ట, ఎర్ర రిబ్బను, అంచులకు బంగారు రంగు. అచ్చువేసినవాళ్ల పేరు రాయను. ఇలాంటి పుస్తకాలు ఇప్పుడు రకరకాలుగా దొరుకుతున్నాయి కాబట్టి, ఏది కొన్నా నేను చెప్పేవి ఉన్నాయో లేవో తెరిచి చూసుకుంటే చాలు.

ముందు మంచి సంగతులు. ఈ పుస్తకం మా అత్తయ్య కోసం కొన్నాం. ఆవిడకు ఎనభై దాటాయి, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. పాత పుస్తకంలో అక్షరాలు ఆవగింజలంత ఉండేవి. ఆవిడకు సగం పాటలు నోటికొచ్చు కాబట్టి గుడిలో, అంటే చర్చిలో, ఇబ్బంది లేదు గానీ, తెల్లవారుజామున ఒక్కరే కూర్చుని పాడుకునేటప్పుడు మూడో చరణం దగ్గర ఆగిపోయేవారు. కొత్త పుస్తకం కిటికీ దగ్గర పెట్టుకుంటే కళ్లజోడు లేకుండానే చదువుతున్నారు. ఒత్తులు అలుక్కుపోలేదు, సున్నా సున్నాలా కనబడుతోంది. కాగితం మందం, వెనక పేజీ అచ్చు ఇటు కనిపించదు. పాత పుస్తకంలో ప్రతి చరణం చివరా రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఒక్కటే వేసి వదిలేసేవాళ్లు. ఇందులో పల్లవి మొత్తం ప్రతిసారీ మళ్లీ వేశారు. పుస్తకం లావెక్కింది నిజమే, కానీ పెద్దవాళ్లకు అది పెద్ద సాయం. ఈ ఒక్క పనికే అచ్చువేసినవాళ్లకు దణ్ణం పెట్టొచ్చు.

బరువు మాత్రం ఎక్కువ. చేత్తో పట్టుకుని నిలబడి పాడే పుస్తకం కాదు, ఒళ్లో దిండు వేసుకుని దాని మీద పెట్టుకోవాలి.

బైండింగు కుట్టు కాదు, జిగురు. హార్మోనియం మీద వెడల్పుగా తెరిచి ఆనిస్తే వెన్ను పటపటమంటుంది. క్రిస్మస్ నెల పూర్తి కాకముందే ‘ఓ సద్భక్తులారా’ పాట దగ్గర రెండు కాగితాలు ఊడొచ్చాయి. అందరూ తెరిచేది అక్కడే మరి, ఆ పాట లేని క్రిస్మస్ ఉంటుందా? మా వీధి చివర ప్రెస్సులో దారంతో కుట్టించుకున్నాం.

ఇక గుడికి తీసుకెళితే వచ్చే చిక్కు. మన సంఘాల్లో పాటకు పేరు కన్నా నంబరే ఎక్కువ. పాస్టరుగారు నంబరు చెప్పగానే పుస్తకం తెరవకముందే ముందు వరసలో వాళ్లు ఎత్తుకుంటారు. ఈ ప్రతిలో అకారాది క్రమంలో పాటలు మార్చి వేసి, నంబర్లన్నీ కొత్తగా ఇచ్చారు. పాత నంబరు పక్కన చిన్నగా వేసినా సరిపోయేది. అదీ లేదు. గుడిలో చెప్పిన నంబరు చూస్తే అత్తయ్య పుస్తకంలో సమాధి దగ్గర పాడే పాట వచ్చింది. అది పెళ్లి ఆరాధన! ఆవిడ నవ్వాపుకోలేక పుస్తకం మూసేశారు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేనిది వేరే ఉంది. పాత పుస్తకంలో ఇంచుమించు ప్రతి కీర్తన దగ్గరా చిన్న అక్షరాల్లో మూడు సంగతులు ఉండేవి: రాగం, తాళం, రాసినవారి పేరు. ఇంగ్లీషు పాట బాణీలో కట్టిందైతే రాగం చోట ‘ఛాయ’ అని వేసి ఆ ఇంగ్లీషు పాట మొదటి పంక్తి ఇచ్చేవాళ్లు. ఈ పెద్ద అక్షరాల ప్రతిలో ఆ మూడూ లేవు. ఏ పాటకూ లేవు. నాలుగైదు వందల గ్రాముల కాగితం అదనంగా వాడి, ఆ ఒక్క లైనుకు చోటు లేదన్నారు.

మా మరిది మా సంఘంలో హార్మోనియం వాయిస్తాడు. పుస్తకం తిరగేసి, “రాగం ఏది వదినా? ఏ మెట్టు మీద ఎత్తుకోవాలో ఎట్లా తెలుస్తుంది?” అన్నాడు. “నీకు తెలిసిన పాటలేగా” అన్నాను. “నాకు తెలుసు. నా తర్వాత వాయించే కుర్రాడికి?” అన్నాడు. తబలా అబ్బాయికి ఆదితాళమో రూపకమో ముందే కనబడితే చెయ్యి సిద్ధంగా ఉంటుంది. లేకపోతే మొదటి చరణమంతా వెతుక్కోవడమే.

రాగం కన్నా నాకు పేర్ల బాధ ఎక్కువ. నేను బళ్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. జాషువాగారి పేరు తెలియని పిల్లవాడు మా బళ్లో లేడు. ‘గబ్బిలం’ పాఠ్యపుస్తకాల్లో ఉంది, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, గుంటూరు జిల్లాలో చాలా ఊళ్లలో ఆయన బొమ్మలున్నాయి. సంతోషమే. కానీ పురుషోత్తమ చౌధరి ఎవరని గుడిలో అడిగితే ఎంతమంది చెబుతారు? ఆయన పాట పాడకుండా ఒక నెల గడవదు మనకు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890లో పోయేదాకా ఉత్తరాంధ్రలో, ఒరిస్సాలో ఊరూరా తిరిగి పాడుతూ బోధిస్తూనే ఉన్నాడు. నూరుకు పైగా కీర్తనలు రాశాడు. త్యాగరాజస్వామి 1847లో పోయేనాటికి ఈయనకు నలభై దాటాయి. కీర్తన అనేది తెలుగువాళ్ల నోట్లో నిండుగా ఉన్న కాలంలో పుట్టి, అదే పల్లవి, అదే చరణం తీసుకుని క్రీస్తు మీద కట్టాడాయన. దొరలు నేర్పిన పాట కాదది. ఆ సంగతి మన పిల్లలకు తెలిసేది ఎక్కడ? పాట దగ్గర ఉన్న ఆ చిన్న లైనులోనే. దాన్నే కోసేశారు.

క్రైస్తవ బోధకుడు మాసిలామణిగారి ‘నడిపించు నా నావ’ సంగతీ ఇంతే. ఆయన ప్రసంగాలు విన్నవాళ్లు ఇంకా మా ఊళ్లో ఉన్నారు. ఆ పాట ఇందులో ఉంది, ఆయన పేరు లేదు. ఇంకో ఇరవై ఏళ్లకు అదీ ‘పాత పాట’ అయిపోతుంది, ఎవరిదో తెలియని పాట.

దీని మీద కోపం ఎక్కువవడానికి కారణం ముందుమాట. బాగా రాశారు, అబద్ధం చెప్పను. షుల్జ్ అనే జర్మన్ బోధకుడు మద్రాసులో తెలుగు నేర్చుకుని, తిరిగి తన దేశం వెళ్లాక 1746లో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన కథ ఉంది. తెలుగు లిపి అచ్చులో కనబడింది మొదట ఒక పరాయి ఊళ్లో, అదీ క్రైస్తవ బోధ కోసం. విశాఖపట్నంలో డెగ్రాంజెస్ అనే మిషనరీ, ఆయనకు తోడుగా ఆనందరాయలు కలిసి సువార్తలు తెలుగు చేయడం, 1810లో డెగ్రాంజెస్ పోవడం, ఆ తర్వాత రెండేళ్లకు బెంగాలులోని శ్రీరాంపూరులో మూడు సువార్తలు అచ్చవడం, అంతా వివరంగా ఉంది. అచ్చు గురించి ఇన్ని పేజీలు రాసిన సంపాదకుడు, అసలు ఆ పుస్తకం నిండా ఉన్న పాటలు రాసినవాళ్ల గురించి ఒక్క పేరా రాయలేదు. మంగళగిరి ఆనందకవి పేరైనా వస్తుందేమో అని చూశాను. 18వ శతాబ్దంలోనే క్రీస్తు కథను ప్రబంధం పద్ధతిలో ‘వేదాంత రసాయనము’ అని పద్యాల్లో రాసినవాడు. ఊహూఁ. దొరల ఓడలూ అచ్చు యంత్రాలూ ఉన్నాయి, తెలుగు కవి లేడు.

పేర్లు తీసేస్తే ఏం జరుగుతుందో ఇదే పుస్తకంలో చూపిస్తాను. చౌధరి కీర్తన ఒకటి అందరికీ తెలిసిందే:

త్రాహిమాం క్రీస్తు నాథ దయ జూడ రావే
నేను దేహి యనుచు నీ పాదములే దిక్కుగ జేరితి నిపుడు

పాడేవాళ్లకు నోరు హాయిగా తిరుగుతుంది కదా, ఎందుకు? ‘త్రాహి’లో రెండో అక్షరం హి. కింద ‘నేను’ను పక్కనపెట్టి చూస్తే ‘దేహి’లో రెండో అక్షరమూ హి. అది ప్రాస. ‘దేహి’ మొదట్లో దే, ‘దిక్కుగ’ మొదట్లో ది. ఒకే హల్లు రెండుసార్లు మోగి పంక్తిని కట్టిపడేస్తుంది. పద్యం నేర్చినవాడు కట్టిన కట్టు అది. ఈ ప్రతిలో ‘దేహి యనుచు’ తీసేసి ‘దయచేయుమని’ వేశారు, ‘జేరితి నిపుడు’ కాస్తా ‘చేరితిని ఇప్పుడు’ అయింది. అర్థమవ్వాలనట! అర్థం కాకపోవడానికి ఏముంది అందులో? ప్రాస పోయింది, తాళంలో అక్షరాలు ఎక్కువయ్యాయి. అత్తయ్య చదివి, “అమ్మాయ్, వీళ్లు పాడి చూసుకున్నారంటావా?” అన్నారు. రాసినాయన పేరు పాట దగ్గర ఉంటే, ఫలానావారి పాట కదా అని దిద్దేవాడి చెయ్యి కాస్త వణికేది. పేరు లేని పాటను ఎవరైనా దిద్దుతారు.

అన్ని పాటలూ ఇలా దిద్దారని కాదు. నేను చూసినంతలో ఎక్కువ పాటలు పాతవాటిలాగే ఉన్నాయి. కానీ ఏది దిద్దారో ఏది దిద్దలేదో ఎక్కడా చెప్పలేదు, అది ఇంకా ఇబ్బంది.

ప్రతి పాట పక్కనా ఒక క్యూఆర్ కోడ్ ఇచ్చారు, ఫోనుతో స్కాన్ చేస్తే బాణీ వినబడుతుందని. మంచి ఆలోచన. మా మనవరాలు నాలుగైదు పాటలు స్కాన్ చేసింది. కొన్ని బాణీలు చక్కగా ఉన్నాయి, ఎవరో ఆవిడ శ్రుతి పెట్టుకుని నెమ్మదిగా పాడారు. కొన్నిటికి మాత్రం కీబోర్డు, డ్రమ్ములు, మధ్యలో గిటారు సోలో. ఈస్టరుకు ముందు క్రీస్తు శ్రమలను తలుచుకుంటూ పాడే శ్రమకాలపు పాటకు ఆ దరువు ఏంటో నాకు అర్థం కాలేదు. మనవరాలికి నచ్చింది అనుకోండి.

అచ్చువేసినవాళ్ల నంబరు పుస్తకంలోనే ఉంటే ఫోన్ చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడారు. “అమ్మగారూ, పేర్లు ఎవరు చదువుతారండీ, పేజీలు పెరిగిపోతాయి” అన్నారు. ప్రతి పేజీలో పల్లవి నాలుగుసార్లు వేసినప్పుడు పెరగని పేజీలు పేరుకు పెరుగుతాయా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కనీసం చివర్లో ఒక పట్టిక వేయండి, పాట, రాగం, తాళం, కవి, పాత నంబరు, మొత్తం పది పన్నెండు పేజీల్లో అయిపోతుంది అన్నాను. రాసి పంపండి, వచ్చే ముద్రణకు చూస్తాం అన్నారు. పాత పుస్తకం ముందు పెట్టుకుని పట్టిక రాయడం మొదలుపెట్టాం. అత్తయ్య చెబుతుంటే నేను రాస్తున్నాను, రాగాలు మరిది సరిచూస్తున్నాడు.

కొనాలా వద్దా అంటే, ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్లుంటే కొనండి, వాళ్లకు ఇంతకన్నా మంచి ప్రతి నాకు కనబడలేదు. కొన్న రోజే కుట్టించుకోండి. గాయకబృందానికీ, హార్మోనియం మీదికీ, పాట నేర్చుకునే పిల్లలకూ పాత పుస్తకమే ఇవ్వండి. చిరిగిపోయిందని పాతది కాగితాలవాడికి వేయొద్దు. స్త్రీల సమాజం తరఫున పెద్ద ఆర్డరు పెడదామని అనుకున్నాం గానీ, పట్టికతో ముద్రణ వచ్చేదాకా ఆపాం.