ఫ్రాన్స్ పల్లెల్లో గ్రావెల్ సైకిల్ టూర్ కొనేవాళ్లకు: "కార్లు తిరగని దారి" అన్న మాట నమ్మి డబ్బు కట్టేయకండి

మే నెలలో మా ఆయనా నేనూ ఫ్రాన్స్‌లోని బర్గండీలో ఐదు రోజుల సైకిల్ టూర్‌కి వెళ్లాం. మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. సైకిళ్ల అద్దె, రాత్రి బసలు, సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడం అన్నీ కలిపి ఇద్దరికీ 1,480 యూరోలు ముందే కట్టాం. ఆ డబ్బంతా ఒక్క మాట చూసి కట్టాం: "నూటికి నూరు శాతం వాహనాలు లేని గ్రావెల్ (కంకర) దారులు". రెండో రోజు మధ్యాహ్నం ఒక పాల ట్యాంకర్ మా ఆయన మోచేతికి జానెడు దూరంలో దూసుకుపోయింది. ఇలాంటి టూర్ల గురించి మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి రోజు ఏ లోటూ లేదు. షాలోన్‌లో సైకిళ్లు తీసుకుని జివ్రీ మీదుగా క్లూనీ చేరాం. జివ్రీ నుంచి క్లూనీకి 44 కిలోమీటర్లు. ఒకప్పటి రైలు మార్గం పట్టాలు తీసేసి 1997లో సైకిళ్లకు ఇచ్చారు. పాత స్టేషన్లు అలాగే ఉన్నాయి, రెండు పక్కలా ద్రాక్షతోటలు. అది గ్రావెల్ కాదు, నున్నటి తారు. అయినా నాకేం బాధ లేదు, ఎందుకంటే అక్కడ నిజంగానే ఒక్క కారు కూడా లేదు. పిల్లలు చిన్న సైకిళ్ల మీద మా ముందు నుంచి వెళ్తున్నారు.

మోసం ఎక్కడ జరిగిందో అర్థం కావాలంటే రెండు ఫ్రెంచ్ మాటలు తెలియాలి. ఒకటి "వ్వా వెర్త్", అంటే పచ్చదారి. నడిచేవాళ్లకు, సైకిళ్లకు, గుర్రాల మీద వెళ్లేవాళ్లకు మాత్రమే కేటాయించిన దారి, ఇంజిన్ బండ్లు రాకూడదు. 2004 నుంచి ఇది అక్కడి ట్రాఫిక్ చట్టంలోనే ఉంది, మొదట్లో నీలం రంగు చదరపు బోర్డు ఉంటుంది. రెండోది "వెలోరూత్". ఇది సైకిళ్ల కోసం బోర్డులు పెట్టిన దూరప్రయాణ మార్గం, అంతే. అందులో కొంత పచ్చదారి ఉండొచ్చు, కొంత కాలవగట్టు ఉండొచ్చు, కొంత మామూలు రోడ్డు కూడా ఉండొచ్చు. కార్లతో కలిసి తొక్కినా అది వెలోరూతే. మాకు అమ్మినవాళ్లు ఈ రెండింటినీ ఒకటే చేసి ఇంగ్లీషులో "వాహనాలు లేనిది" అని రాసేశారు. మేం ఆ తేడా ముందు అడగలేదు. మీరు తప్పకుండా అడగండి.

రెండో రోజు క్లూనీ నుంచి పడమరగా షరోల్ వైపు వెళ్లాలి. పది కిలోమీటర్లు దాటేసరికి వాళ్లిచ్చిన జీపీఎక్స్ ఫైల్ (ఫోన్ మ్యాపులో దారి గీసి చూపించే ఫైల్) మమ్మల్ని "డి" నంబరున్న రోడ్డు మీదికి ఎక్కించింది. ఫ్రాన్స్‌లో "డి" అంటే జిల్లా రోడ్డు లాంటిది. మధ్యలో డివైడర్ లేని ఇలాంటి రోడ్ల మీద 2018 జులై నుంచి వేగం గంటకు 80 కిలోమీటర్లు, కొన్ని జిల్లాలు తమ రోడ్లలో కొన్నింటికి మళ్లీ 90 చేసుకున్నాయి. ఆ ప్రాంతమంతా ఎత్తుపల్లాలు, రోడ్డుకు రెండు వైపులా మనిషెత్తు పొదల కంచె, కంచె అవతల తెల్లటి షరోలే ఆవులు. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ తెల్లగీత దాటాక సైకిల్ దింపడానికి జాగా లేదు, మలుపు అవతల ఏం వస్తోందో కనపడదు. ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర దూరం వదలాలని అక్కడ చట్టం ఉంది. చాలామంది డ్రైవర్లు వదిలారు కూడా. ఆ ట్యాంకర్ వదల్లేదు. ముందు గాలి మమ్మల్ని కంచె వైపు తోసింది, బండి దాటగానే అదే గాలి రోడ్డు మధ్యకి లాగింది. మా ఆయన హ్యాండిల్ ఊగడం వెనక నుంచి చూస్తున్నాను, నోట మాట రాలేదు. ఆ రోజు అలాంటి రోడ్డు మీద 23 కిలోమీటర్లు తొక్కాం.

రోడ్డు వదిలి ఒక మట్టిదారిలోకి దింపిన చోట ఇంకో సమస్య. మా గోదావరి జిల్లాల్లో చేల మధ్య డొంకలుంటాయి కదా, అచ్చం అలాంటి దారి. కాసేపు ప్రాణం కుదుటపడింది. కిలోమీటరు వెళ్లాక గొలుసు కట్టిన గేటు, "ప్రైవేటు ఆస్తి" అని బోర్డు. అక్కడ పొలాల మధ్య దారులు రెండు రకాలు. గ్రామానికి చెందిన దారిలో ఎవరైనా వెళ్లొచ్చు. రైతులు తమ పొలాలకు వెళ్లడానికి పెట్టుకున్న దారిని వాళ్లు మూసేయొచ్చు. అది వాళ్ల హక్కు. ఆ దారిలో ఒక్కసారి సైకిల్ తొక్కి చూసినా ఈ ఫైల్ అలా గీయరు.

ఇక సైకిళ్లు. 40 మిల్లీమీటర్ల టైర్లున్న గ్రావెల్ సైకిళ్లని చెప్పి, 32 మిల్లీమీటర్ల టైర్లున్న సిటీ సైకిళ్లు చేతిలో పెట్టారు. రైలు దిగిన హడావిడిలో టైరు పక్కన రాసిన అంకె చూడలేదు. నా వెనక టైరు అంచున రబ్బరు అరిగి లోపలి దారాలు బయటికొచ్చి ఉన్నాయి, వేలితో రాస్తే పీచులా ఊడి వస్తున్నాయి. గేటు దగ్గర నుంచి వెనక్కి వస్తుంటే ఒక రాయి అక్కడే దిగింది. ట్యూబ్ మార్చినా ఆ చీలికలోంచి బయటికి ఉబుకుతోంది. పర్సులోని ఐదు యూరోల నోటు మడిచి లోపల అడ్డుపెట్టి షరోల్ దాకా నెట్టుకొచ్చాం. "24 గంటల సహాయం" నంబరుకి నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ వాయిస్ మెయిలే. ఆ రోజు ఆదివారం, దారిలో ఒక్క కొట్టూ తెరిచి లేదు.

మిగతా టూర్‌లో వాళ్ల ఫైల్ పక్కన పడేశాం. పారే ల మోనియాల్ నుంచి షాలోన్‌కి సెంటర్ అనే కాలువ వెంబడి యూరోవెలో 6 బోర్డులు చూసుకుంటూ వచ్చాం. నాంత్ నుంచి నల్లసముద్రం దాకా వెళ్లే సైకిల్ మార్గం అది. అక్కడా కొంత రోడ్డు తగిలింది గానీ ప్రశాంతమైన చిన్న రోడ్లే. అంటే మంచి దారి పక్కనే ఉంది, బోర్డులు కూడా ఉన్నాయి, ఉచితం. డబ్బు తీసుకున్నవాళ్లు మాత్రం మమ్మల్ని ట్యాంకర్ల మధ్యకి పంపారు. నా కోపమంతా దానికే.

రెండో రోజు రాత్రే ఫొటోలు, మ్యాపుతో మెయిల్ పెట్టాను. వారం తర్వాత వచ్చిన జవాబు: "షరతుల్లో వెలోరూత్ అని రాశాం, కాబట్టి తప్పు లేదు. వచ్చే బుకింగ్‌లో పది శాతం తగ్గిస్తాం." దానికి తోడు సైకిల్ మీద గీతలున్నాయంటూ 300 యూరోల డిపాజిట్‌ని మా కార్డు నుంచి తీసేసుకున్నారు.

మీరు కొనేముందు జీపీఎక్స్ ఫైల్ అడగండి. పూర్తి ఫైల్ ఇవ్వకపోతే ఒక రోజుదైనా ఇమ్మనండి, అదీ ఇవ్వం అంటే అక్కడితో ఆపేయండి. ఫైల్ చేతికొస్తే దాన్ని ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల వెబ్‌సైట్‌లో ఉచితంగా తెరిచి, "డి" నంబరు రోడ్ల మీద ఎన్ని కిలోమీటర్లుందో లెక్కపెట్టండి. ఆ లెక్క వాళ్ల చేత మెయిల్‌లో రాయించుకోండి. ఫ్రాన్స్‌లో ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్లు అతూ ఫ్రాన్స్ అనే సంస్థ దగ్గర రిజిస్టర్ కావాలి, "ఐఎం"తో మొదలయ్యే నంబరు ఉంటుంది. డబ్బు కట్టాక 14 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చన్న ఆన్‌లైన్ రూల్ తేదీలు ఖాయమైన టూర్లకు వర్తించదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. క్రెడిట్ కార్డుతోనే కట్టండి. సైకిల్ తీసుకునేటప్పుడు అవతలి మనిషి ముందే టైర్లు, బ్రేకులు, ప్రతి గీతా వీడియో తీయండి. తేడా కనిపిస్తే టూర్ అయ్యేదాకా ఆగొద్దు, అదే రోజు మెయిల్ పెట్టండి. చెప్పిన సేవ ఇవ్వనప్పుడు ధర తగ్గించమని అడిగే హక్కు యూరప్ ప్యాకేజీ టూర్ల చట్టంలో ఉంది, కానీ ఆలస్యం చేయకుండా చెప్పి ఉండాలి.

మా ఫిర్యాదు ఇప్పుడు జర్మనీ ఊరు కేల్‌లోని యూరోపియన్ వినియోగదారుల కేంద్రం చూస్తోంది. డిపాజిట్ గురించి బ్యాంకుకి విడిగా రాశాను, ఇంకా తేలలేదు. తేలాక ఎంత తిరిగొచ్చిందో చెబుతాను. ఈలోపు ఎవరైనా బర్గండీ టూర్ బుక్ చేసి ఉంటే మీ ఫైల్ పంపండి, క్లూనీ నుంచి షరోల్ ముక్క నేనే చూసి చెబుతాను.