గోల్‌స్కోరర్ ‘వాల్యూ’ జాబితాకు చందా కట్టేముందు నా లెక్క చూడండి

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గోల్ ఎవరు చేస్తారన్న పందేలకు ‘వాల్యూ జాబితా’, అంటే అసలు అవకాశానికి మించి చెల్లించే పందేల జాబితా, పంపుతామంటూ సీజన్ చందా అమ్మే ఒక సేవకు డబ్బు కట్టి నష్టపోయాను. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవారు ఇంకా ఉన్నారు కాబట్టి పేరు కంటే పద్ధతి తెలియడం ముఖ్యం. పందేలను చట్టం అనుమతించే చోట ఉండి, ఇలాంటి చందా కట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చెబుతాను. నా చందా కాలంలో వాళ్లు మొత్తం 120 పందేలు పంపారు. ప్రతిదానిమీదా ఒకే మొత్తం పెట్టాను, ప్రతిదీ పుస్తకంలో రాసుకున్నాను. వాటిలో గెలిచినవి 33. గెలిచిన పందేలకు వాళ్ల జాబితాలో ఉన్న ఆడ్స్ (గెలిస్తే పెట్టినదానికి ఎన్ని రెట్లు చేతికి వస్తుందో చెప్పే అంకె) సగటు 4.00. అంటే ఒక్కో పందేనికి 1 చొప్పున 120 పెడితే 132 రావాలి, 12 లాభం. కానీ సందేశం అందిన వెంటనే నేను వెళ్లి చూస్తే ఆ ఆడ్స్ ఎక్కడా ఉండేవి కావు. అవే 33 పందేలకు నాకు దొరికిన సగటు 3.40. చేతికి వచ్చింది 112, పోయింది దాదాపు 8. చందా డబ్బు దీనికి అదనం.

ఆటగాళ్లు అవే, గోల్స్ అవే. వాళ్ల పట్టికలో లాభం, నా పుస్తకంలో నష్టం. ఈ తేడా అర్థం కావడానికి నాకు సగం సీజన్ పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వాల్యూ ఆటగాడి పేరులో ఉండదు, మీకు దొరికిన ఆడ్స్‌లో ఉంటుంది. ఒక ఫార్వర్డ్ గోల్ చేసే అవకాశం నిజంగా 40 శాతం అనుకుందాం. 3.00 దొరికితే వందకు సగటున 120 వస్తుంది, అది మంచి పందెం. అదే ఆటగాడికి, అదే మ్యాచ్‌లో 2.40 మాత్రమే దొరికితే వందకు 96 వస్తుంది. ఈ రెండో పందెం ఎన్నిసార్లు వేస్తే అంత నష్టం. గోల్‌స్కోరర్ పందేలలో బుక్‌మేకర్లు (పందేలు తీసుకునే సంస్థలు) పెద్ద మొత్తాలు తీసుకోరు. చందాదారులందరూ ఒకేసారి ఒకే పేరుమీద పడితే ఆడ్స్ చూస్తుండగానే పడిపోతాయి. మొదట పట్టుకున్న కొద్దిమందికి వాల్యూ ఉండవచ్చు, మిగిలినవారికి దొరికేది ఖాళీ పెంకు. జాబితా అమ్మేవాడు మాత్రం పట్టికలో ఎప్పుడూ ఆ మొదటి అంకెనే రాసుకుంటాడు.

ఇంకొకటి గమనించాను. వాళ్ల ఆడ్స్‌తోనే లెక్కించినా 12 లాభంగా తేలాల్సిన చోట వాళ్లు ప్రచురించిన పట్టికలో 23 లాభం కనిపించింది. రెండూ వరుసగా పోల్చి చూశాను. ఓడిపోయిన 11 పందేలను వాళ్లు ‘రద్దు’ అని రాసి లెక్కలోంచి తీసేశారు. ఆ మ్యాచ్‌లలో ఆటగాడు మొదటి పదకొండు మందిలో లేడు, ఆట చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు. అసలు మైదానంలోకే దిగకపోతే డబ్బు వెనక్కి వస్తుంది, నిజమే. కానీ మ్యాచ్‌లో ఎప్పుడైనా గోల్ చేస్తాడన్న పందెంలో ఆటగాడు కొద్ది నిమిషాలు ఆడినా పందెం నిలుస్తుందన్నదే సాధారణంగా కనిపించే నియమం. నా డబ్బు ఆ 11 సార్లూ పోయింది. జట్టు వివరాలు ఆటకు సుమారు గంట ముందు మాత్రమే వెలువడతాయని తెలిసి కూడా వాళ్లు ముందు రోజు రాత్రే పేర్లు పంపేవారు. ఈ ఒక్క విషయం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఓర్పు పట్టి గంట ఆగి ఉంటే ఆ పేర్లలో చాలా భాగం పంపాల్సిన పనే ఉండేది కాదు.

ఇక వాళ్ల వివరణలు. ప్రతి పేరు పక్కన ‘ఎందుకు వాల్యూ’ అని రెండు వాక్యాలు ఉండేవి. వాటిలో తరచుగా వచ్చే తర్కం ఇది: ఇతను మ్యాచ్‌కు సగటున 0.5 గోల్ చేస్తాడు కాబట్టి అవకాశం 50 శాతం, సరైన ఆడ్స్ 2.00, బయట 2.30 దొరుకుతోంది, తీసుకోండి. వినడానికి సబబుగానే ఉంది. నేనూ నమ్మాను. అయితే అలాంటి ఆటగాడు కొన్ని మ్యాచ్‌లలో రెండు, అరుదుగా మూడు గోల్స్ చేస్తాడు. ఆ మేరకు ఒక్కటీ చేయని మ్యాచ్‌లు పెరుగుతాయి. గోల్స్ లెక్కకు మామూలుగా వాడే పాయిసన్ సూత్రం ప్రకారం చూస్తే, సగటు 0.5 ఉన్నవాడు కనీసం ఒక గోల్ చేసే అవకాశం సుమారు 39 శాతం, సరైన ఆడ్స్ 2.54. 2.30 దగ్గర పందెం వేస్తే వందకు దాదాపు పది చేజారుతుంది. ఆ 0.5 అన్నది 90 నిమిషాల సగటు అయి, అతన్ని గంట ఆటకే బయటకు పిలిచే అలవాటు కోచ్‌కు ఉంటే, అవకాశం 28 శాతానికి పడిపోతుంది. నిమిషాల సంగతి వాళ్ల వివరణల్లో నేను ఒక్కసారీ చూడలేదు.

పెనాల్టీల గురించి కూడా మాట లేదు. 2018 ప్రపంచ కప్‌లో హ్యారీ కేన్ 6 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచాడు, అందులో 3 పెనాల్టీలు. పెనాల్టీ ఎవరు తీసుకుంటారన్నది ఒక ఆటగాడి ఆడ్స్‌ను ఎంతగా మారుస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. క్లబ్‌లో పెనాల్టీలు తీసుకునేవాడు జాతీయ జట్టులో తీసుకోకపోవచ్చు. క్లబ్ గోల్స్ సగటును అలాగే తెచ్చి అంతర్జాతీయ మ్యాచ్‌కు అతికించే జాబితాను నమ్మకండి.

నేను చందా కట్టడానికి కారణమైన ప్రకటన గురించి కూడా చెప్పాలి. అందులో గెలుపుగా చూపిన ఒక కప్ మ్యాచ్ గోల్ అదనపు సమయంలో, అంటే 90 నిమిషాలు సమంగా ముగిశాక విడిగా ఆడించే సమయంలో, వచ్చింది. గోల్‌స్కోరర్ పందెం సాధారణంగా 90 నిమిషాలకు, దానికి రిఫరీ కలిపే సమయానికి మాత్రమే వర్తిస్తుంది. 2010 ప్రపంచ కప్ ఫైనల్‌లో ఇనియెస్టా గోల్ 116వ నిమిషంలో వచ్చింది, 2014లో గోట్జె గోల్ 113వ నిమిషంలో, 2016 యూరో ఫైనల్‌లో ఎడెర్ గోల్ 109వ నిమిషంలో. మూడు మ్యాచ్‌లూ 90 నిమిషాలకు 0–0. చరిత్రలో నిలిచిన ఆ ముగ్గురి పేర్ల మీద మామూలు నియమంతో పందెం వేసినవారందరూ ఓడిపోయారు. ఈ నియమం తెలియని అమ్మకందారుకు సలహా ఇచ్చే అర్హత లేదు, తెలిసీ ఆ గోల్‌ను గెలుపుగా చూపితే అది మోసం. సెల్ఫ్ గోల్ కూడా లెక్కలోకి రాదు, ఇది చాలామందికి తెలుసు.

మొదటి గోల్ ఎవరిదన్న పందేలు ఆ జాబితాలో చాలా ఉండేవి, ఆడ్స్ పెద్దగా కనిపిస్తాయి కాబట్టి. ఒక మ్యాచ్‌కు అందరి ఆడ్స్‌నూ శాతాలుగా మార్చి (వందను ఆడ్స్‌తో భాగిస్తే శాతం వస్తుంది), ‘గోల్ లేదు’ అన్నదాన్ని కూడా చేర్చి కూడి చూడండి. వంద దాటి ఎంత దూరం పోతుందో ఆ మేరకు బుక్‌మేకర్ వాటా. మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారన్న పందెంతో పోలిస్తే ఇక్కడ ఆ వాటా చాలా ఎక్కువగా ఉంటుంది. ఎప్పుడైనా గోల్ చేస్తాడన్న పందెంలో ఒకే ఆటలో చాలామంది గోల్ చేయవచ్చు కాబట్టి ఇలా కూడి పట్టుకోలేము. పైగా ‘చేయడు’ అన్న వైపు పందెం చాలా చోట్ల ఇవ్వరు, అందుకే వాటా కంటికి కనిపించదు. ఇంత భారం దాటి లాభం రావాలంటే సలహా ఎంత పదునుగా ఉండాలో ఆలోచించండి.

ప్రతి సందేశం కింద ఒక బుక్‌మేకర్ లింకు ఉండేది. ఆ లింకు ద్వారా చేరినవారి నష్టాల్లో వాటా పంచే ఒప్పందాలు ఈ రంగంలో ఉన్నాయి. మీకు అలాంటి వాటా అందుతుందా అని సూటిగా అడిగాను. జవాబు లేదు. నా 120 పందేల లెక్కను, తేదీలతో, నాకు దొరికిన ఆడ్స్‌తో పంపి, మిగిలిన చందా తిరిగి ఇవ్వమని మర్యాదగానే అడిగాను. ‘మీరు ఆలస్యంగా వేశారు’ అని ఒక్క వాక్యం వచ్చింది, మరుసటి రోజు నన్ను గుంపులోంచి తీసేశారు.

అదే పట్టిక, అవే 23 లాభం అంకెలు, ఇప్పుడు మరో పేరుతో కొత్త సీజన్ చందా ప్రకటనలో కనిపిస్తున్నాయి. ఆ 11 ‘రద్దు’ వరుసలు మాత్రం అందులో లేవు. మీకు ఆ ప్రకటన వస్తే, డబ్బు కట్టకముందే గత సీజన్ పందేలన్నీ పంపిన సమయంతో సహా అడగండి, సందేశం వచ్చిన పది నిమిషాలకు దొరికిన ఆడ్స్ కూడా అడగండి. అవి ఇవ్వకపోతే కట్టకండి.