తలుపుకి తగిలించే షోల్డర్ పుల్లీ, బ్రెస్ట్ ఆపరేషన్ అయినోళ్ళు కొనచ్చా

తాడు లాగి చెయ్యి పైకి లేపుకునే ఈ పుల్లీ కొనచ్చు, కానీ ఆపరేషన్ అయిన వారమే కొనే వస్తువు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే సర్జికల్ షాపులో భుజం అనంగానే ఎవరికైనా ఇదే తీసి చేతిలో పెడతారు, మన సంగతి వేరే.

నాకు ఎడమ రొమ్ము తీసేసి చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు. గాయంలో చేరే నీరు బయటికి పొయ్యే డ్రెయిన్ పైపు ఉన్నన్ని రోజులు చెయ్యి భుజం ఎత్తు దాటి లేపొద్దన్నారు. అప్పుడు చేసేదంతా చిన్న పనులే, గుప్పిట మూసి తెరవడం, మోచెయ్యి మడిచి చాపడం, భుజాలు మెల్లగా వెనక్కి తిప్పడం, పడుకున్నప్పుడు చేతిని దిండ్ల మీద గుండె కన్నా ఎత్తులో పెట్టుకోవడం. ఇంటికొచ్చిన చుట్టాలేమో "చెయ్యి కదిలించబాకమ్మా, కుట్లు ఊడిపోతాయి" అని ఒకటే పోరు. అసలు కదిలించకుండా పెట్టుకుంటే భుజం బిగుసుకుపోతుంది, ఆ తర్వాత జడ వేసుకోలేము, జాకెట్టులో చెయ్యి దూరదు, పైగా రేడియేషన్ రాశారంటే ఆ చెయ్యి తల పైకి పెట్టుకొని కదలకుండా పడుకోవాల, చెయ్యి అంత ఎత్తుకి లేవకపోతే అక్కడ ఇబ్బంది. నేను పుల్లీ కొన్నది ముఖ్యంగా దానికే.

ఇంతకీ వస్తువు ఏందంటే ఒక నైలాన్ తాడు, రెండు చివర్లా పిడులు, మధ్యలో గిలక, తలుపు పైన ఇరికించడానికి ఒక పట్టీ, అంతే. తిరుపతిలో రుయా ఆసుపత్రి దగ్గర షాపులో కొన్నా, ఐదు వందల లోపే అయింది. ఆన్‌లైన్లో ఇంకొంచెం తక్కువకి కూడా దొరుకుతాయి గానీ పిడి పట్టుకొని చూసి తీసుకోవడం మేలు, కొన్నిటికి ఉత్త ప్లాస్టిక్, మన ఎండాకాలం చెమటకి జారిపోతాయి.

వాడేది ఎట్లంటే కుర్చీలో కూర్చొని రెండు పిడులూ పట్టుకొని బాగున్న చేత్తో తాడు కిందికి లాగాల, ఆపరేషన్ అయిన చెయ్యి దానంతట అదే పైకి పోతుంది. ఆ చెయ్యి సొంతంగా బలం పెట్టకూడదు, బరువంతా రెండోది మోస్తుంది, నాకు ఇందులో నచ్చింది అదే. పైన కొంచెం సేపు ఆపి మెల్లగా దించడం. లాగినట్టు అనిపించడం మామూలే, పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడికి ఆపేయమంది ఫిజియో మేడమ్. డబ్బాలో వచ్చిన కాగితంలో ఇవేవీ లేవు, ఇంగ్లీషులో నాలుగు లైన్లు, కండలు తిరిగిన మగాయన బొమ్మ.

ఇంకోటి. కొందరికి చంకలోంచి మోచెయ్యి దాకా చర్మం కింద బిగించిన దారం మాదిరి తేలుతుంది, చెయ్యి చాపితే అది కనపడుతుంది, పట్టుకుంటే తెలుస్తుంది కూడా. దీన్ని కార్డింగ్ అంటారంట. నాకు వచ్చింది, చూసి హడలిపోయినా, క్యాన్సర్ మళ్ళీ వచ్చిందేమో అని రాత్రంతా నిద్ర లేదు. అది కాదంట, చంకలో గ్రంథులు తీసినోళ్ళలో చానా మందికి వచ్చేదేనంట, సాగదీసే వ్యాయామాలతో మెల్లగా తగ్గుతుందంట. నాకూ తగ్గింది. కానీ అది పుల్లీ ఒక్కదాని గొప్ప అని చెప్పను, మేడమ్ చేత్తో నిమురుతా సాగదీసింది కూడా. పై చెయ్యి లోపలి పక్క మొద్దుబారడం మాత్రం ఇంకా అట్లే ఉంది, అది అక్కడి నరం వల్ల, పుల్లీతో పొయ్యేది కాదు.

ఇబ్బంది ఎక్కడంటే తలుపు. మా పాతింటివి రెండు రెక్కల తలుపులు, పట్టీ నిలవదు, చివరికి బెడ్రూం తలుపుకి పెట్టినా. తలుపు మనవైపుకి తెరుచుకునే పక్క కూర్చోకూడదు, లాగేకొద్దీ అది తెరుచుకొని పట్టీ ఊడొచ్చి మీద పడుతుంది. గడియ కూడా పెట్టుకోండి, పిల్లోళ్ళు ఉండే ఇంట్లో ఎవురో ఒకరు తోసుకొని వస్తారు.

డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే కర్ర చాలు, నిజంగా. వెల్లకిలా పడుకొని రెండు చేతుల్తో కర్ర పట్టుకొని తల పైకి తీసుకుపోయి ఐదు సెకండ్లు ఆపి దించడం, ఒక ఐదారు సార్లు. గోడ మీద వేళ్ళతో పాకించడం ఇంకోటి, ఎంత ఎత్తు పోయిందో పెన్సిల్ గీత పెట్టుకోవచ్చు. పుల్లీ సుఖం ఏందంటే కూర్చొనే చేసుకోవచ్చు, కీమోతో నీరసంగా ఉన్న రోజు కూడా కుదురుతుంది.

రొమ్ము మళ్ళీ కట్టించుకున్నోళ్ళకి లెక్క వేరే, డాక్టర్ని అడక్కుండా ముట్టుకోబాకండి. చెయ్యి బరువెక్కినా, గాజులు బిగుతైనా, ఎర్రగా వేడిగా అయ్యి జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి చూపించుకోవాల. ఫిజియో కోసం బయట ఎక్కువ డబ్బులు పెట్టలేనోళ్ళు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో అడగండి, వాళ్ళకి ఫిజియోథెరపీ కాలేజీయే ఉంది.

రేడియేషన్ అయినాక నెలల తర్వాత కూడా భుజం బిగుసుకోవచ్చంట, అందుకని నేను పుల్లీ ఇంకా తియ్యలేదు. ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి కోసింది ఆ గిలక కీచు శబ్దానికి, కొబ్బరినూనె వేసినా పోలేదు, మా ఆయన టీవీ సౌండు పెంచుకుంటా ఉంటాడు.